కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్‌: దరఖాస్తుకు ముందు సరిపోల్చుకోవలసిన విషయాలు

అమెరికాలో రిజిస్టర్డ్‌ నర్సు కావాలంటే నాలుగేళ్ళ బీఎస్‌ఎన్‌, అంటే నర్సింగ్‌లో బ్యాచిలర్‌ డిగ్రీ, ఒక్కటే దారి కాదు. కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్‌, అంటే నర్సింగ్‌లో అసోసియేట్‌ డిగ్రీ, పూర్తిచేసినవారు కూడా అదే ఎన్‌క్లెక్స్‌-ఆర్‌ఎన్‌ పరీక్ష రాసి అదే లైసెన్సు పొందుతారు. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలోనూ, ఫ్రీమాంట్‌, శాన్‌హోసేలలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ దారి గురించి ఆలోచించేవారు తక్కువేమీ కాదు. పిల్లలు బడికి వెళ్ళే వయసుకు వచ్చాక కొత్త వృత్తి మొదలుపెట్టాలనుకునే గృహిణులు, హైస్కూలు ముగించబోతున్న పిల్లలు, ఇండియాలో బీఫార్మసీయో ఎమ్మెస్సీయో చదివి ఇక్కడ ఆ చదువుకు తగ్గ ఉద్యోగం దొరకనివారు వీరిలో ఉంటారు. వీరందరూ సాధారణంగా అడిగే ప్రశ్న “ఏ కాలేజీ మంచిది?” అని. నా అభిప్రాయంలో దానికంటే ముందు అడగవలసినది, “ఏ కాలేజీ సీట్లు ఇచ్చే పద్ధతి నా మార్కులకు, నా వీసాకు, నా ఇంటి పరిస్థితికి సరిపోతుంది?” అని. ఆ ప్రశ్నకు సమాధానం వెతకవలసింది దరఖాస్తు గడువు దగ్గరపడ్డాక కాదు, మొదటి అనాటమీ క్లాసులో పేరు నమోదు చేసుకోక ముందే.

ముందుగా చివరి మెట్టు

కాలేజీలను పోల్చే ముందు, చదువు పూర్తయ్యాక ఉద్యోగం చేయడానికి మీకు అనుమతి ఉంటుందా అన్నది తేల్చుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ చిక్కు లేదు. హెచ్‌-4 మీద, అంటే హెచ్‌-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికీ పిల్లలకూ ఇచ్చే వీసా మీద, ఉన్నవారు ఎక్కడైనా పూర్తి సమయం చదువుకోవచ్చు, ఆసుపత్రిలో జీతం లేని క్లినికల్‌ శిక్షణ కూడా పొందవచ్చు. ఉద్యోగానికి మాత్రం ఈఏడీ అనే పని అనుమతి పత్రం కావాలి. హెచ్‌-1బీ మీద ఉన్న జీవిత భాగస్వామికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే పిటిషన్‌) ఆమోదం వచ్చి ఉంటే ఆ ఈఏడీకి దరఖాస్తు చేసుకునే వీలును 2015లో వచ్చిన నిబంధన కల్పించింది. హెచ్‌-4 పిల్లలకు ఆ వీలు లేదు, పైగా 21 ఏళ్ళు నిండగానే వారు ఆ హోదా కోల్పోతారు. కాబట్టి పద్దెనిమిదేళ్ళ అమ్మాయినో అబ్బాయినో ఈ కోర్సులో చేర్పించేటప్పుడు ఆ మూడేళ్ళ లెక్క కుటుంబమంతా కూర్చుని వేసుకోవాలి.

ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద ఏడీఎన్‌ చేసినవారికి 12 నెలల ఓపీటీ, అంటే చదివిన రంగంలో తాత్కాలికంగా పనిచేసే అనుమతి, దొరుకుతుంది కానీ, దాని తరువాత దారి ఇరుకు. హెచ్‌-1బీకి కనీసం బ్యాచిలర్‌ డిగ్రీ అవసరమైన ఉద్యోగం కావాలి, వార్డులో పనిచేసే సాధారణ నర్సు ఉద్యోగం ఎక్కువగా ఆ లెక్కలోకి రాదు. నర్సులకు గ్రీన్‌కార్డు దరఖాస్తులో షెడ్యూల్‌-ఏ అనే వెసులుబాటు ఉన్నమాట నిజమే, అది లేబర్‌ సర్టిఫికేషన్‌ (ఆ పనికి అమెరికన్లు దొరకలేదని యజమాని చూపే) దశను తప్పిస్తుంది. అయితే ఇండియాలో పుట్టినవారు ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డు వరుసలలో వేచి ఉండవలసిన కాలాన్ని అది తగ్గించదు. ఈ సంగతి చెప్పకుండా “నర్సింగ్‌ చదివితే గ్రీన్‌కార్డు వచ్చేస్తుంది” అని నమ్మబలికే ఏజెంట్ల మాట వినవద్దు.

ఇండియాలో బీఎస్సీ నర్సింగో జీఎన్‌ఎమ్మో ఇప్పటికే చేసినవారికి ఒక ముఖ్యమైన మాట. మీరు మళ్ళీ మొదటి నుంచి ఏడీఎన్‌ చేయవలసిన అవసరం చాలావరకు ఉండదు. మీరున్న రాష్ట్రపు నర్సింగ్‌ బోర్డు నియమాల ప్రకారం చదువు మూల్యాంకనం చేయించుకుని నేరుగా ఎన్‌క్లెక్స్‌కు అర్హత కోరాలి. కాలిఫోర్నియా బోర్డు, ఒక విషయంలోని పాఠాలూ క్లినికల్‌ శిక్షణా ఒకే కాలంలో సాగాయా అని పరిశీలిస్తుంది. తేడా కనిపిస్తే ఆ విషయం వరకు ఇక్కడ చదవమంటుంది. అప్పుడు కమ్యూనిటీ కాలేజీతో మీకు పడే పని ఒకటి రెండు కోర్సులకే పరిమితం.

రెండేళ్ళ కోర్సుకు పట్టే అసలు సమయం

ఏడీఎన్‌ రెండేళ్ళని కాలేజీలు చెప్పేది నర్సింగ్‌ కోర్సుల మాట. అంతకు ముందు పూర్తిచేయవలసిన అర్హత కోర్సులు వేరే ఉంటాయి. వాటికి ఏడాది నుంచి రెండేళ్ళు పడుతుంది కాబట్టి మొత్తం మీద మూడు, నాలుగేళ్ళు అనుకుని ప్రణాళిక వేసుకోవడం మేలు.

కాలిఫోర్నియాలో సాధారణంగా ల్యాబ్‌తో కూడిన అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, వీటితో పాటు ఇంగ్లిష్‌ కాంపోజిషన్‌ అడుగుతారు. అక్కడ చాలా కాలేజీలలో అనాటమీ ఒక కోర్సు, ఫిజియాలజీ మరో కోర్సు. టెక్సస్‌లో అవి రెండూ కలిసి రెండు భాగాలుగా ఉంటాయి. రాష్ట్రమంతటా వాడే ఉమ్మడి కోర్సు సంఖ్యల ప్రకారం వాటిని బయాల్‌ 2401, 2402 అంటారు. వాటికి తోడు మైక్రోబయాలజీ, ఇంగ్లిష్‌ 1301, జనరల్‌ సైకాలజీ, పుట్టుక నుంచి వృద్ధాప్యం వరకు మనిషి ఎదుగుదలను వివరించే సైకాలజీ 2314 వంటివి అడుగుతారు. ఒక రాష్ట్రంలో ఈ అనాటమీ-ఫిజియాలజీ జంటలో సగం చదివి, భర్త ఉద్యోగం మారడం వల్ల రెండో రాష్ట్రానికి వెళితే, ఆ సగం అక్కడి కోర్సుతో అతకదు. ఇల్లు మారే అవకాశం ఉన్నవారు ఈ జంటను ఒకే కాలేజీలో పూర్తిచేసి కదలడం మంచిది.

ఇండియా డిగ్రీ ఉన్నవారు తమ ట్రాన్‌స్క్రిప్టును డబ్ల్యూఈఎస్‌, ఈసీఈ వంటి, నాసెస్‌ అనే మూల్యాంకన సంస్థల సంఘంలో సభ్యత్వం ఉన్న సంస్థల చేత కోర్సుల వారీగా మూల్యాంకనం చేయించాలి. డిగ్రీ ఉందని మాత్రమే చెప్పే సాధారణ నివేదిక ఇక్కడ పనికిరాదు. ఉస్మానియా, ఆంధ్రా, జేఎన్‌టీయూ వంటి విశ్వవిద్యాలయాల నుంచి సీల్డ్‌ కవరులో మార్కుల జాబితాలు తెప్పించడానికే నెలలు పట్టవచ్చు కాబట్టి దీనిని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి. ఇంత చేసినా, సైకాలజీ, గణితం వంటి సాధారణ కోర్సులకు క్రెడిట్‌ వచ్చినంత సులభంగా అనాటమీ, మైక్రోబయాలజీలకు రాదు. అనేక కాలేజీలు సైన్సు కోర్సులకు ఐదేళ్ళు లేదా ఏడేళ్ళ గడువు పెడతాయి. 2012లో బీఫార్మసీలో చదివిన ఫిజియాలజీ ఎంత బాగా గుర్తున్నా, గడువు ఉన్న చోట మళ్ళీ చదవవలసిందే. కాబట్టి పోల్చేటప్పుడు ప్రతి కాలేజీలో మూడు విషయాలు రాసిపెట్టుకోండి: సైన్సు కోర్సులకు గడువు ఎన్నేళ్ళు, ల్యాబ్‌ను ఆన్‌లైన్‌లో చేస్తే ఒప్పుకుంటారా, ఒక కోర్సును రెండోసారి చదివితే ఏ గ్రేడును లెక్కలోకి తీసుకుంటారు.

సీటు ఇచ్చే పద్ధతి: అసలు తేడా ఇక్కడే

కాలేజీల మధ్య భవనాలలో, అధ్యాపకులలో ఉండే తేడా కంటే సీట్లు పంచే తీరులో ఉండే తేడా అభ్యర్థి భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయిస్తుంది. కొన్ని చోట్ల కనీస అర్హత ఉన్న వారందరి పేర్లూ కలిపి లాటరీ తీస్తారు. కొన్ని చోట్ల అర్హత సాధించిన వరుసలో జాబితాలో వేచి ఉండాలి. మరికొన్ని చోట్ల మార్కులు, ప్రవేశ పరీక్ష, అనుభవం వంటి వాటికి పాయింట్లు వేసి పై నుంచి కిందికి సీట్లు ఇస్తారు. పాయింట్లూ లాటరీ కలిపి వాడే కాలేజీలు కూడా ఉన్నాయి.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలలో ఈ బహుళ ప్రమాణాల పద్ధతికి విద్యా చట్టంలోనే ఆధారం ఉంది. సంబంధిత కోర్సులలో జీపీఏ (గ్రేడ్ల సగటు), అంతకు ముందున్న డిగ్రీలు, ఆరోగ్య రంగంలో ఉద్యోగం లేదా స్వచ్ఛంద సేవ, తక్కువ ఆదాయం, ఇంట్లో కాలేజీకి వెళ్ళే మొదటి వ్యక్తి కావడం వంటి జీవిత పరిస్థితులు, ఇంగ్లిష్‌ కాక మరో భాషలో ప్రావీణ్యం అందులో ఉన్నాయి. ఆ భాషల జాబితాలో భారత ఉపఖండపు భాషలకు కూడా చోటుంది. తెలుగు బాగా వచ్చిన అభ్యర్థి దీనిని తేలికగా తీసుకోకూడదు. ఆ ప్రావీణ్యాన్ని ఎలా రుజువు చేయాలన్నది ఒక్కో కాలేజీలో ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి, పదో తరగతి, ఇంటర్‌ మార్కుల జాబితాలలో తెలుగు సబ్జెక్టు ఉన్న పేజీ సరిపోతుందా, పరీక్ష రాయాలా అని నర్సింగ్‌ విభాగపు కౌన్సెలర్‌ను అడిగి, సమాధానాన్ని ఈమెయిల్‌లో రాయించుకోవాలి. ఒకటి రెండు పాయింట్ల తేడాతో సీటు పోయే చోట ఈ పాయింట్లే నిర్ణాయకం కావచ్చు.

అదే రాష్ట్రంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న మరో సూత్రం నాలుగు అంశాలను లెక్కిస్తుంది: మొత్తం కాలేజీ జీపీఏ, ఇంగ్లిష్‌ జీపీఏ, అనాటమీ-ఫిజియాలజీ-మైక్రోబయాలజీ జీపీఏ, ఆ సైన్సు కోర్సులను ఎన్నిసార్లు మళ్ళీ చదివారన్నది. దీనిని బట్టి చూస్తే, అనాటమీలో ‘సీ’ గ్రేడు వచ్చే సూచన కనిపించినప్పుడు ఏం చేయాలన్నది కాలేజీని బట్టి మారుతుంది. రెండో ప్రయత్నపు గ్రేడునే లెక్కించే కాలేజీలో మళ్ళీ చదవడం లాభం. మళ్ళీ చదివినందుకే పాయింట్లు తగ్గించే చోట, మొదటిసారే ఒక సెమిస్టరులో ఒకే సైన్సు కోర్సు తీసుకుని ‘ఏ’ గ్రేడు సాధించడం లాభం. చిన్న పిల్లలున్న తల్లులకు నేను గట్టిగా చెప్పేది ఇదే: రెండు ల్యాబ్‌ కోర్సులు ఒకేసారి తీసుకుని ఒక సెమిస్టరు ఆదా చేసే ప్రయత్నంలో, ఏళ్ళ తరబడి వెంటాడే గ్రేడును కొనితెచ్చుకోవద్దు.

టెక్సస్‌లో పాయింట్ల వరుస ఎక్కువ. డాలస్‌ కాలేజీ, కాలిన్‌ కాలేజీ, టారంట్‌ కౌంటీ కాలేజీ మూడూ తెలుగువారు ఎక్కువగా ఉండే ప్రాంతాలకు అందుబాటులో ఉన్నవే. వాటిలో ఒకదానికే దరఖాస్తు చేసి ఏడాదంతా ఎదురు చూడటం కంటే, మూడింటి అర్హత కోర్సుల పట్టికలను పక్కపక్కన పెట్టుకుని, మూడింటికీ సరిపోయే విధంగా కోర్సులు ఎంచుకోవడం తెలివైన పని. ఒకచోట కోరని కోర్సు ఇంకోచోట కోరితే, ఆ ఒక్క కోర్సు అదనంగా చదవడానికి అయ్యే ఖర్చు ఒక ఏడాది కోల్పోవడం కంటే ఎప్పుడూ తక్కువే.

మార్కులు చాలా బాగున్నవారికి పాయింట్ల పద్ధతి మేలు చేస్తుంది. గ్రేడ్లు ఒక మోస్తరుగా ఉన్నవారికి లాటరీ ఉన్న కాలేజీ ఒకటైనా జాబితాలో ఉండాలి. వేచి ఉండే జాబితాలు, ఇల్లు మారే అవసరం లేనివారికి తప్ప ఇతరులకు నేను సిఫారసు చేయను, ఎందుకంటే ఆ వరుసలో గడిపిన కాలానికి మరో కాలేజీలో విలువ ఉండదు, ఈలోగా సైన్సు కోర్సుల గడువు కూడా దగ్గరపడుతుంది.

ప్రవేశ పరీక్షలు

ఎక్కువగా వాడుకలో ఉన్నవి రెండు. ఏటీఐ సంస్థ నిర్వహించే టీస్‌ పరీక్షలో రీడింగ్‌, గణితం, సైన్సు, ఇంగ్లిష్‌ విభాగాలలో 170 ప్రశ్నలు, 209 నిమిషాలు ఉంటాయి. 2022లో వచ్చిన ఏడో రూపం ప్రస్తుతం నడుస్తోంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలలో దీనికి కనీసం 62 శాతం కావాలి. అది గడప దాటడానికే తప్ప, పాయింట్ల పోటీలో నిలబడటానికి కాదు. ఎల్సెవియర్‌ నిర్వహించే హెసీ ఏ2లో గణితం, రీడింగ్‌, పదసంపద, వ్యాకరణం, అనాటమీ వంటి విభాగాలు ఉంటాయి, వాటిలో ఏవి రాయాలో కాలేజీయే నిర్ణయిస్తుంది. మన దగ్గర ఎంసెట్‌ కోసం చదివినవారికి ఇక్కడి గణితం కష్టం కాదు. పాయింట్లు పోయేది రీడింగ్‌లో, వ్యాకరణంలో. తయారీకి పెట్టే సమయాన్ని ఆ విధంగా పంచుకోవాలి. ఎన్నిసార్లు రాయవచ్చు, రెండు ప్రయత్నాల మధ్య ఎంత వ్యవధి ఉండాలి, పాత స్కోరు ఎంతకాలం చెల్లుతుంది అన్నవి కాలేజీకో తీరుగా ఉంటాయి.

నాణ్యతను ఎలా తూచాలి

రాష్ట్ర నర్సింగ్‌ బోర్డు ఆమోదం లేని ప్రోగ్రాము వైపు చూడనే వద్దు, ఎందుకంటే ఎన్‌క్లెక్స్‌కు అర్హత దాని మీదే ఆధారపడి ఉంటుంది. జాతీయ స్థాయి గుర్తింపు దీనికి భిన్నమైనది. ఏడీఎన్‌లకు దానిని ముఖ్యంగా ఏసెన్‌ అనే సంస్థ ఇస్తుంది. కాలిఫోర్నియాలో బోర్డు ఆమోదంతో మాత్రమే నడిచే మంచి కమ్యూనిటీ కాలేజీ ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, అక్కడి ఆసుపత్రులలో పనిచేయడానికి అది చాలు. కానీ మాజీ సైనికుల వీఏ ఆసుపత్రులు గుర్తింపు ఉన్న ప్రోగ్రామునే కోరతాయి, వేరే రాష్ట్రాలలో పైచదువులకు కూడా అది పనికివస్తుంది.

ఎన్‌క్లెక్స్‌ ఉత్తీర్ణత శాతాన్ని కాలేజీ కరపత్రంలో కాకుండా బోర్డు వెబ్‌సైట్‌లో చూడాలి. టెక్సస్‌ బోర్డు మొదటి ప్రయత్నంలో కనీసం 80 శాతం, కాలిఫోర్నియా బోర్డు 75 శాతం ఉత్తీర్ణత కోరతాయి. ఒక్క ఏడాది అంకె చూసి నిర్ణయానికి రావద్దు, నాలుగైదేళ్ళ వరుస చూడండి. దానితో పాటు మరో అంకె తప్పక అడగండి: చేరినవారిలో ఎందరు సకాలంలో పూర్తిచేశారు? 40 మంది చేరి 20 మందే చివరి వరకు మిగిలి, ఆ 20 మందీ పరీక్షలో నెగ్గితే, ఉత్తీర్ణత నూటికి నూరు అని ప్రచురించుకోవచ్చు. మధ్యలో ఆగిపోయిన 20 మంది కథ ఆ అంకెలో కనబడదు. రెండో సెమిస్టరులో ఒక కోర్సు తప్పితే తిరిగి చేరనిస్తారా, ఎన్నిసార్లు చేరనిస్తారు అన్నది కూడా రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఖర్చు, దూరం, క్లినికల్స్‌

కాలిఫోర్నియా నివాసులకు కమ్యూనిటీ కాలేజీ రుసుము యూనిట్‌కు 46 డాలర్లు. 70 యూనిట్ల చదువు అనుకుంటే రుసుము 3,220 డాలర్లు అవుతుంది. పుస్తకాలు, యూనిఫారం, పరీక్షా సామగ్రి ఖర్చులు దీనికి అదనం. టెక్సస్‌లో కాలేజీ పన్ను పరిధిలో నివసించేవారికి ఒక రుసుము, పక్క కౌంటీవారికి ఎక్కువ రుసుము. అందుకే కాలిన్‌ కౌంటీలో ఇల్లు ఉన్నవారికి కాలిన్‌ కాలేజీ, డాలస్‌ కౌంటీవారికి డాలస్‌ కాలేజీ చవక. హెచ్‌-1బీ, హెచ్‌-4 కుటుంబాలు ఈ రెండు రాష్ట్రాలలోనూ నివాస కాలపు నిబంధన తీర్చి స్థానిక రుసుముకు అర్హత పొందవచ్చు. ఫాఫ్సా అనే దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్‌ సాయం మాత్రం గ్రీన్‌కార్డు వచ్చేవరకు దొరకదు. ఆ సాయం లేని కుటుంబం, వేచి ఉండనవసరం లేదన్న ఒకే కారణంతో లాభాపేక్ష గల ప్రైవేటు కాలేజీలో పెద్ద మొత్తం అప్పు చేసి చేరడాన్ని నేను సమర్థించలేను. అక్కడి క్రెడిట్లు మరో చోట చెల్లుతాయో లేదో, బోర్డు పట్టికలో ఉత్తీర్ణత ఎంతో చూశాకే ఆ ఆలోచన చేయాలి.

క్లినికల్‌ రోజులలో ఉదయం ఆరున్నర, ఏడు గంటలకల్లా ఆసుపత్రిలో ఉండాలి. అది కాలేజీకి దగ్గరలోనే ఉంటుందన్న హామీ లేదు. కాలేజీ ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్నా, ఆసుపత్రి గంట దూరంలో ఉండవచ్చు. పిల్లలను బడికి ఎవరు దింపుతారన్న ప్రశ్నకు ఇంట్లో ముందే సమాధానం ఉండాలి. సాయంత్రం, వారాంతపు విభాగాలు నడిపే కాలేజీ ఉంటే, దాని పేరు ఎంత చిన్నదైనా, చాలా కుటుంబాలకు అదే సరైన ఎంపిక.

సీటు వచ్చాక అడిగే ఆరోగ్య పత్రాలను సీటు రాకముందే సిద్ధం చేసుకోవాలి. హెపటైటిస్‌-బి మూడు డోసుల వరుసకు ఆరు నెలలు పడుతుంది, టెక్సస్‌లో రోగుల దగ్గరికి పంపే ముందే అది పూర్తయి ఉండాలి. చిన్నప్పుడు టీకాలు వేయించుకున్నా కార్డు దొరకనివారు మీజిల్స్‌, చికెన్‌పాక్స్‌లకు రక్తంలో యాంటీబాడీల పరీక్ష చేయించుకుంటే చాలావరకు సరిపోతుంది. మనలో ఎక్కువమంది భుజం మీద బీసీజీ మచ్చతోనే పెరిగాం. ఆ టీకా వల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్షలో తప్పుడు పాజిటివ్‌ రావచ్చు. అలా వస్తే ఎక్స్‌రేలు, వివరణలతో కాలం గడిచిపోతుంది కనుక, మొదటే క్వాంటిఫెరాన్‌ వంటి రక్తపరీక్షకు ఒప్పుకోమని అడగాలి. అమెరికన్‌ హార్ట్‌ అసోసియేషన్‌ బీఎల్‌ఎస్‌ (ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) సర్టిఫికెట్‌, నేర చరిత్ర తనిఖీ, డ్రగ్‌ పరీక్ష ఎలాగూ ఉంటాయి. సోషల్‌ సెక్యూరిటీ నంబరు లేనివారు, తనిఖీకీ లైసెన్సుకూ ఏది చెల్లుతుందో ముందే విచారించుకోవాలి. కాలిఫోర్నియా బోర్డు ఐటిన్‌ను, అంటే పన్ను చెల్లింపుదారుకు ఇచ్చే గుర్తింపు సంఖ్యను, అంగీకరిస్తుంది.

ఏడీఎన్‌ తరువాత

పెద్ద ఆసుపత్రులు, ముఖ్యంగా నర్సింగ్‌ నాణ్యతకు ఇచ్చే మాగ్నెట్‌ గుర్తింపు ఉన్నవి, బీఎస్‌ఎన్‌ ఉన్నవారికే మొగ్గు చూపుతాయి. న్యూయార్క్‌ రాష్ట్రంలో 2017లో వచ్చిన చట్టం ప్రకారం కొత్త నర్సులు పదేళ్ళలోగా బీఎస్‌ఎన్‌ పూర్తిచేయాలి. కాబట్టి కాలేజీని ఎంచుకునేటప్పుడే బీఎస్‌ఎన్‌ దారి కూడా చూసుకోవాలి. టెక్సస్‌లో 2017 చట్టం తరువాత కమ్యూనిటీ కాలేజీలు కూడా బీఎస్‌ఎన్‌ ఇవ్వవచ్చు, కాలిన్‌ కాలేజీలో అది నడుస్తోంది. రిజిస్టర్డ్‌ నర్సులు బీఎస్‌ఎన్‌ పొందడానికి యూటీ ఆర్లింగ్టన్‌ నడిపే ఆన్‌లైన్‌ ఆర్‌ఎన్‌-బీఎస్‌ఎన్‌ కోర్సు ఉద్యోగం చేస్తూ చదివేవారికి అనువైనది. కాలిఫోర్నియాలో అలాంటి అనుమతి కోరిన బిల్లులను 2024లో గవర్నరు తిరస్కరించారు కాబట్టి, అక్కడ రాష్ట్ర విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉండి ఏడీఎన్‌ చదువుతూనే బీఎస్‌ఎన్‌ కోర్సులు మొదలుపెట్టనిచ్చే కాలేజీకి ఒక అడుగు ఎక్కువ విలువ ఇవ్వాలి. తరచూ రాష్ట్రాలు మారే కుటుంబాలకు మరో తేడా ఉంది: టెక్సస్‌ నివాసికి వచ్చే లైసెన్సు నర్స్‌ లైసెన్షర్‌ కాంపాక్ట్‌ అనే ఒప్పందంలోని ఇతర రాష్ట్రాలలోనూ చెల్లుతుంది. కాలిఫోర్నియా ఆ ఒప్పందంలో లేదు.

మొదటి ఏడాది సీటు రానివారు కాలేజీని తమ పాయింట్ల వివరాలు అడగాలి, చాలా చోట్ల చెబుతారు. ఎక్కడ తగ్గాయో తెలిస్తే ఆ ఏడాదిలో ప్రవేశ పరీక్ష మళ్ళీ రాయడమా, సీఎన్‌ఏ (నర్సింగ్‌ సహాయకుల) శిక్షణ పొంది అనుభవం సంపాదించడమా, రెండో కౌంటీలో దరఖాస్తు చేయడమా అన్నది తేలుతుంది. ఇప్పటికే డిగ్రీ ఉండి, ఖర్చు భరించగలవారికి విశ్వవిద్యాలయాలలో 12 నుంచి 18 నెలల వేగవంతమైన బీఎస్‌ఎన్‌ కూడా తెరిచే ఉంటుంది, దానికి అడిగే సైన్సు కోర్సులు చాలావరకు ఇవే.